ఆళ్లగడ్డ పటములు నంద్యాలకు చేరిన విధము

నంద్యాలకును ఆళ్లగడ్డకును నడుమ దూరము సుమారు 40 కిలోమీటర్లు. శిరివెళ్ల మీదుగా బస్సులో వచ్చువారికి గంట ప్రయాణము. అట్లయ్యును ఒక ఛాయాచిత్రము ఆళ్లగడ్డలోని ఫోనునుండి నంద్యాలలోని మా కంప్యూటరునకు తిన్నగా వచ్చి చేరుటకు మాకు మూడు వారములు పట్టినది. ఇట్టి చిక్కులు మన విద్యార్థుల యిండ్లలోను కలుగుచున్నవి గనుక, మేము వానిని విప్పుకొన్న తీరును ఇచ్చట వ్రాయుచున్నాము.

మా మేనమామగారు ఆళ్లగడ్డలో శిల్పి. ఆ యూర రాతి విగ్రహములు చెక్కు పని తరతరములుగా జరుగుచున్నదని మన ప్రాంతము వారికి వేరుగ చెప్పనక్కరలేదు. రాతిపై ఉలి పెట్టుటకు ముందు విగ్రహము యొక్క నిలువు, ముఖము, భుజములు, పీఠము మొదలగు వాని కొలతలను కాగితముపై గీసికొందురు. మా మాతామహులు గీసిన యట్టి పటములు నాలుగు పెట్టెల నిండ నుండెను. వానిలో రెండు పెట్టెలు చెదలపాలైనవి. తక్కిన వానినైనను దక్కించుకొనవలెనని మామగారు ఒక్కొక్క పటమును సెల్‌ఫోనుతో చిత్రము తీయ మొదలిడిరి. అవి నంద్యాలకు రావలెను. మా చెల్లెలు వానికి పేర్లు పెట్టి, కొలతలను ఒక పట్టికలో వ్రాయవలెను. నెలకింత యని రుసుము గైకొని దాచిపెట్టు పెద్ద కంపెనీలు లేకపోలేదు గాని, "నాయన గీతలు మన యింట్లోనే యుండవలె" నని మామగారు పట్టుపట్టిరి. మాకును అదియే సమంజసముగా తోచినది.

కావున ఇంటిలోనే సర్వరు నొకటి నిలిపితిమి. సర్వరనగానే పెద్ద యంత్రమని బెదరనక్కరలేదు. అది అరచేతిలో నిముడు రాస్‌ప్‌బెరీ పై యను పలక. దానికి తగిలించిన డిస్కు ఒకటి. లినక్సుతో నడచును. దానిలోను, ఫోనులోను, కంప్యూటరులోను సింక్‌థింగ్ అను ప్రోగ్రామును ఉంచితిమి. ఇది 2013లో వెలువడినది, వెల లేదు. ఒక ఫైలును చిన్న చిన్న ఖండములుగా భావించి, ఏ ఖండము మారినదో దానిని మాత్రమే రెండవ యంత్రమునకు పంపుట దీని పద్ధతి. ఫోనును కంప్యూటరును ఒకే వేళ మేలుకొని యుండుట అరుదు గదా. అందుచేత రాత్రింబగళ్లు మేలుకొని యుండు సర్వరు నడుమ నుండవలసి వచ్చినది.

చిత్రము రాలేదనగానే అన్ని మీటలును నొక్కిచూచుట కొందరి యలవాటు. దానివలన చిక్కు హెచ్చును గాని తగ్గదు. మేము మొదట తెగిన లంకె యేదో కనుగొనదలచితిమి. కంప్యూటరులో ఒక చిన్న ఫైలు వ్రాసి యుంచగా, అది సర్వరునకు క్షణములో చేరినది. కావున లోపము ఫోను వైపుననే కలదని నిశ్చయమైనది. మామగారు ఒక ఆదివారము నంద్యాలకు వచ్చినప్పుడు ఆయన ఫోనునుండి చిత్రములు చకచక వచ్చినవి. ఆళ్లగడ్డకు పోగానే నిలిచినవి. అనగా దోషము ఫోనులో గాక దారిలో నున్నదని తోచును. విచారింపగా రెండు చోట్లను ఉండెను.

ఫోనులోని దోషములు అల్పములు. ఆ ప్రోగ్రాము వైఫై యున్నప్పుడే పనిచేయునట్లు మొదట అమర్పబడి యుండును. మామగారి పనిపాకలో వైఫై లేదు. మొబైలు డేటాకు అనుమతి యిచ్చితిమి. పిదప ఆండ్రాయిడ్ 2015 నుండి అవలంబించిన నిద్రావిధాన మొకటి కలదు: తెర ఆరి, ఫోను కదలక యుండెనేని, లోపల నడచు ప్రోగ్రాములను ఆపివేసి బ్యాటరీని పొదుపు చేయును. బ్యాటరీ సెట్టింగులలో ఈ యొక్క ప్రోగ్రామునకు ఆ నిర్బంధమును తొలగించితిమి.

దారిలోని దోషము అంతకంటె వింతయైనది. ఇంటర్నెట్టులో ప్రతి యంత్రమునకును ఒక చిరునామా యుండవలెను. పాత పద్ధతి చిరునామాలు మొత్తము 429 కోట్లు మాత్రమే. వాని కేంద్రనిల్వ 2011 ఫిబ్రవరిలో తీరిపోయినది. అప్పటినుండి అనేక కంపెనీలు ఒక్క చిరునామాను పెక్కు యిండ్లకు పంచి యిచ్చుచున్నవి. దీనిని మన హాస్టలుతో పోల్చి చూడవచ్చును. హాస్టలు పిల్లలందరికిని ఒకటే చిరునామా. ఒక బాలుడు వ్రాసిన ఉత్తరమునకు జవాబు వచ్చినచో వార్డెనుగారు గుర్తుంచుకొని వానికే యిత్తురు. కాని ఎవరి పేరును లేక తనంతట వచ్చిన ఉత్తరమును ఎవరి కియ్యవలెను? పారవేయుదురు. మా సర్వరునకు ఆళ్లగడ్డనుండి వచ్చిన పిలుపుల గతి అట్లే యాయెను. ఇట్లు పంచుకొను చిరునామాలకై 2012లో 100.64 మొదలు 100.127 వరకు గల వరుసను ప్రత్యేకించిరి. మీ రౌటరు పుటలో బయటి చిరునామా యని చూపునది ఆ వరుసలోనిదైనచో, మీరును హాస్టలు వాసులేయని తెలిసికొనుడు.

సింక్‌థింగ్ దీనికొక యుపాయము నెరుగును. స్వచ్ఛందముగా కొందరు నడుపుచున్న మధ్యవర్తి సర్వరుల ద్వారా ఫైళ్లను పంపును. వారు వానిని చదువజాలరు. అన్నియును గుప్తలిపిలో నుండును. అయితే ఆ దారి నత్తనడక. ఆళ్లగడ్డ పటము ఏ దూరదేశమునో చుట్టి నంద్యాలకు వచ్చుట చూచి మామగారు నవ్విరి. తుదకు కొత్త పద్ధతి చిరునామా, అనగా ఐపీవీ6, మా యింటికిని ఆయన ఫోనునకును ఉన్నట్లు కనుగొంటిమి. ఇందు చిరునామాలకు కొరత లేదు. హిందూదేశములో దాని వాడుకయు విస్తారము. రౌటరులోని కాపలాకు సర్వరు పేర 22000 సంఖ్యగల ద్వారమును మాత్రము తెరువుమని చెప్పగా, చిత్రములు తిన్నగా రాసాగెను.

రాసాగినను, చెల్లెలు పెట్టిన పేర్లు కొన్ని కంప్యూటరునుండి సర్వరునకు పోక మొరాయించెను. ఇంగ్లీషు పేర్లు పోవుచుండెను; పొట్టి తెలుగు పేర్లును పోవుచుండెను; పొడుగు తెలుగు పేర్లు మాత్రము నిలిచిపోయెను. మా విండోస్ కంప్యూటరు పేరునకు 255 చిహ్నముల వరకు ఒప్పుకొనును. సర్వరులోని లినక్సు చిహ్నములను గాక బైట్లను లెక్కించి, 255 బైట్లు దాటరాదనును. ఇంగ్లీషు అక్షరమునకు బైటు ఒకటి. తెలుగు చిహ్నమునకు మూడు. అందును మనకు రెండక్షరములుగా కనబడు 'స్వామి' యంత్రమునకు స, పొల్లు, వ, దీర్ఘము, మ, గుడి అని ఆరు చిహ్నములు, అనగా 18 బైట్లు. "అహోబిలము దారిలోని మండపమునకు గీసిన వేణుగోపాలస్వామి విగ్రహము యొక్క పీఠము కొలతలు చెదలు తిన్న రెండవ పటము" అని చెల్లెలు శ్రద్ధతో పెట్టిన పేరు తోకతో కూడ 280 బైట్లు. తెలుగున పేరు పెట్టుకొను వానికి ఇంగ్లీషువాని చోటులో మూడవ వంతే దక్కుట న్యాయముగా లేదని మా యభిప్రాయము. అయినను వాదించుటకు ఎదుట మనిషి లేడు గనుక, పేరు కురుచచేసి వివరమును పట్టికలో చేర్చితిమి.

ఆ పట్టికయే మరియొక చిక్కునకు మూలమాయెను. దానిని మామగారు ఫోనులో దిద్దుచుండిరి. చెల్లెలు కంప్యూటరులో దిద్దుచుండెను. ఇంటర్నెట్టు లేని పూట ఇరువురును దిద్దినచో, ప్రోగ్రాము ఏదియు పారవేయదు. ముందు దిద్దిన ప్రతికి తేదీయు వేళయు తగిలించి వేరుగ నుంచును, వెనుక దిద్దినదానికి అసలు పేరు నిచ్చును. దీనిని చూచి చెల్లెలు భయపడినది గాని, ఇది మన పండితులెరిగిన పాఠాంతరమే. 1829లో వేమన పద్యములను ప్రకటించిన బ్రౌను దొరగారు పెక్కు ప్రతులను దగ్గర నుంచుకొనియే కదా పాఠములను నిర్ణయించిరి! ఏది సరియైన కొలతయో యంత్రము చెప్పజాలదు. రెండు ప్రతులను తెరచి, మామగారిని అడిగి, ఒకటిగా కూర్చవలసినదే.

ఇంతవరకు జరిగినది శ్రమ. పిదప జరిగినది ప్రమాదము. ఒక ఉదయము మా కంప్యూటరులో పటముల సంచి ఖాళీగా నుండెను. 412 చిత్రములలో ఒక్కటియు లేదు. మామగారికి ఫోను చేయగా, "చోటు చాలలేదని ఫోను చెప్పినాది. మీకు చేరినాయి గదా అని తుడిచేసినాను" అనిరి. ఎవరైనను అట్లే యనుకొందురు. కాని సింక్‌థింగ్ దాచిపెట్టు ప్రోగ్రాము కాదు, సమానము చేయు ప్రోగ్రాము. మూడు యంత్రములును ఒకటే విధముగ నుండవలెనని దాని వ్రతము. ఒకచోట చేర్చినది అంతట చేరును; ఒకచోట చెరిపినది అంతట చెరుగును. అప్పటికి మూడవ పెట్టెలోని కాగితములు కొన్ని మడతల వద్ద విరిగిపోయి యుండెను. వానిని మరల పరచి చిత్రము తీయుట సాధ్యము కాదు. అమ్మ ఆ పూట అన్నము ముట్టలేదు.

అయితే చెల్లెలు మొదటినాడే సర్వరులో, ఇతర యంత్రములు చెరిపిన ఫైళ్లను పారవేయక చెత్తబుట్టలో నుంచుమని ఆజ్ఞాపించి యుండెను. ఇది తనంతట నుండు సౌకర్యము కాదు. మనము కోరినగాని రాదు. ఆ బుట్ట పేరు చుక్కతో మొదలగును. లినక్సులో చుక్కతో మొదలగు పేరు మామూలుగ కంటబడదు. దాగినవానిని చూపుమనగా 412ను అందుండెను. తొందరపడి వానిని పాత సంచిలోనికి తీసికొనిరాలేదు. వచ్చినచో అవి మరల మామగారి ఫోనునకు పరుగెత్తి దానిని నింపివేయును. వేరొక సంచిలోనికి నకలు తీసి, లెక్కించి, పదింటిని తెరచి చూచితిమి.

నాటినుండి సమానము చేయుపని వేరు, దాచుపని వేరుగ పెట్టితిమి. ప్రతి రాత్రియు సర్వరు తనకు వచ్చిన కొత్త చిత్రములను రెండవ డిస్కునకు నకలు తీయును. చెరుపుడు అందులోనికి పోదు. దీనికి 1996 నుండి వాడుకలో నున్న ఆర్‌సింక్ అను చిన్న ప్రోగ్రాము చాలినది. మామగారు ఇప్పుడును ఫోను నిండినప్పుడెల్ల తుడుచుచునే యున్నారు. కాని ముందుగ, "ఏమిరా అల్లుడా, రెండో డిస్కులోకి పడినాయా?" అని యడుగుదురు. చెల్లెలు లెక్క చూచి చెప్పువరకు ఒక్క చిత్రమునైనను ముట్టరు.