వారాసిగూడలో చల్లగాలి

హైదరాబాదు వెళ్ళినవాళ్ళు చార్మినారు చూస్తారు, గోలకొండ ఎక్కుతారు, తీరిక ఉంటే సాలార్‌జంగు మ్యూజియంలో గడియారం గంట కొట్టేదాకా నిలబడతారు. వారాసిగూడ చూడటానికి మాత్రం ఎవరూ వెళ్ళరు. నేను వెళ్ళాను. అదీ మే నెలలో వెళ్ళాను. ఎందుకంటారా? ఒక పాత కారుకు ఏ.సి. బాగుచేయించటానికి!

సికిందరాబాదు స్టేషనులో దిగి, ఆటో ఎక్కి, చిలకలగూడ దాటితే వచ్చే పేట ఇది. సన్నని సందులు, ఒకదాని నొకటి ఆనుకున్న ఇళ్ళు, మేడల మీద గదుల్లో అద్దెకున్న విద్యార్థులు. ఇంకొంచెం ముందుకు పోతే ఉస్మానియా విశ్వవిద్యాలయం చెట్లు. ఈ ఇరుకుకూ ఆ విశాలానికీ మధ్య దూరం ఎంతో లేదు.

మా పెదనాన్నగారు ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై ఇక్కడే స్థిరపడ్డారు. ఇంటి ముందు వేపచెట్టు, చెట్టు కింద తెల్లటి కాంటెస్సా. హిందూస్థాన్ మోటార్స్ వారు 1984లో మొదలుపెట్టి 2002లో ఆపేసిన కారది. పెదనాన్నగారు 1991లో, కంపెనీ వారే ఏ.సి. బిగించిన బండి కావాలని పట్టుబట్టి కొన్నారు. పెద్దమ్మకు ఎండ పడదని ఆయన బాధ. కానీ పెద్దమ్మ ఎక్కిన మొదటిరోజే, "ఆ మీట తిప్పారంటే పెట్రోలు తాగేస్తుందట. కట్టెయ్యండి!" అన్నది. ఆయన కట్టేశారు. మళ్ళీ తిప్పలేదు.

ఇప్పుడు పెద్దమ్మకు ఎనభై దాటాయి. గుండె బలహీనం, ఎండలో తిరగవద్దన్నారు డాక్టరు. తాను ఎం.ఏ. చదివిన ఆర్ట్స్ కాలేజీ మెట్లు ఒక్కసారి చూడాలని ఆవిడ కోరిక.

"ఏ.సి. టాక్సీ పిలుద్దాం పెదనాన్నా" అన్నాను.

"టాక్సీ నేను పిలవలేకనా నిన్ను పిలిచింది? ముప్ఫై ఏళ్ళనాటి బాకీరా ఇది. ఈ బండిలోనే తీరాలి" అన్నారాయన.

సరే, మేస్త్రీ కోసం బయలుదేరాను. మొదట అడిగిన చోట ఒకాయన, "డాష్‌బోర్డు కోసేసి, తుక్కు కారులోని కొత్తరకం పెట్టె బిగిస్తాను" అన్నాడు. ఇంకొకాయన, "అసలుసిసలు పాత ఫ్రియాన్ డబ్బాలున్నాయి, అదే పోద్దాం" అని కన్ను గీటాడు. ఎవరికీ ముందు బండి చూడాలని తోచలేదు. చివరకు ఒక సందు చివర రేకుల షెడ్డులో, బండి చూశాకే మాట్లాడతానన్న మేస్త్రీ దొరికాడు.

ఆయన బానెట్ ఎత్తి, గేజీ తగిలించాడు. ముల్లు కదలలేదు. "గ్యాసు ఎన్నడో పోయింది సార్. కంప్రెసరు గట్టిగనే ఉన్నది. పైపులకే పానం లేదు" అన్నాడు.

చల్లదనం అనేది తయారుచేసే సరుకు కాదని ఆ షెడ్డులో తెలిసింది. వేడిని లోపలి నుంచి తీసి బయట పారబోయటమే ఈ యంత్రం చేసే పని. కంప్రెసరు వాయువును నొక్కుతుంది. రేడియేటరు ముందున్న జాలీలో అది వేడి వదిలి ద్రవమవుతుంది. సన్నని రంధ్రం గుండా డాష్‌బోర్డు వెనుకనున్న గొట్టాల్లోకి దూకి ఆవిరవుతూ, కారులోని వేడిని పీల్చుకుంటుంది. కార్లలో దీన్ని కంపెనీ నుంచే అమర్చి అమ్మినవారు అమెరికాలో పాకార్డ్ కంపెనీవారు, 1939లో. దాన్ని ఆపాలంటే ఇంజను ఆపి, దిగి, బెల్టు ఊడదీయాలట! మన ఆర్ట్స్ కాలేజీ భవనానికి ప్రారంభోత్సవం జరిగింది కూడా ఆ ఏడాదే.

మరి పాత గ్యాసే ఎందుకు పోయకూడదు? ఆ ఫ్రియాన్-12 మంటలంటుకోదు, విషం కాదు. అందుకే లోకమంతా నెత్తిన పెట్టుకున్నది. కానీ 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు దాని గుట్టు బయటపెట్టారు. ఇలాంటి వాయువులు ఆకాశంలో పైకిపోయి, అతినీల కిరణాల నుంచి మనను కాచే ఓజోన్ పొరను తినేస్తాయి. 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. మన దేశం 1992లో చేరింది. 2010 నాటికి ఇక్కడ వాటి తయారీ నిలిచిపోయింది. ఇప్పుడు పాత డబ్బా అని అమ్మేదానిలో వంటగ్యాసు లాంటిది కలిసి ఉండవచ్చు. "పెద్దమ్మను కూసోబెట్టే బండి సార్. నేనైతే పొయ్యను" అన్నాడు మేస్త్రీ.

దాని స్థానంలో వచ్చినది 134-ఏ. తార్నాక చౌరస్తా నుంచి హబ్సిగూడ వైపు వెళ్తే పెద్ద ప్రయోగశాల ఒకటి కనిపిస్తుంది. పాతవాళ్ళకది ఆర్.ఆర్.ల్యాబ్; 1989 నుంచి ఐ.ఐ.సి.టి. ఈ 134-ఏను స్వదేశంలోనే తయారుచేసే పద్ధతి కోసం అక్కడి శాస్త్రజ్ఞులు కృషిచేశారు. ఈ షెడ్డులోని సిలిండరుకూ ఆ ప్రహరీకీ ఉన్న చుట్టరికం తలచుకుంటే ముచ్చట వేసింది.

పనికి ఐదు రోజులు పట్టింది. డాష్‌బోర్డు వెనుక పెట్టె విప్పితే రెండు గుప్పెళ్ళ వేపాకులు రాలాయి. పాత నూనె కొత్త గ్యాసుతో కలవదు కనుక కడిగేసి వేరే నూనె పోశాడు. పాత రబ్బరు గుండా ఈ గ్యాసు జారిపోతుంది కనుక పైపులు, రింగులు మార్చాడు. తేమ పీల్చే డబ్బా కొత్తది వేశాడు. కంప్రెసరు, మీటలు, గాలి కిటికీలు అన్నీ పాతవే ఉంచాడు.

మూడోనాడు నత్రజని ఎక్కించి రాత్రంతా ఉంచితే, తెల్లారేసరికి ముల్లు దిగింది. పెదనాన్నగారి ముఖం కూడా దిగింది. సబ్బునీళ్ళు పూస్తే ఒక్క అతుకు దగ్గర ఆవగింజంత బుడగ! అది సరిచేసి, మళ్ళీ రాత్రంతా ఉంచి, పంపుతో లోపలి గాలి, తేమ లాగేశాక, పాత కొలతలో పదింట తొమ్మిది వంతులు మించకుండా కొత్త గ్యాసు పోశాడు.

"మునుపటంత సల్లగ రాదు సార్. ఆ జాలీ పాత గ్యాసుకు చేసింది" అని ముందే చెప్పాడు. ఈ 134-ఏ కూడా శాశ్వతం కాదు. ఓజోన్‌కు హాని చేయదు గాని, భూమిని వేడెక్కిస్తుంది. అందుకే 2016లో కిగాలీలో దీన్నీ క్రమంగా తగ్గించాలని నిర్ణయించారు.

ఆ సాయంత్రం ఐదింటికి కూడా బయట నిప్పులు చెరుగుతున్నది. పెద్దమ్మను వెనుక సీటులో కూర్చోబెట్టాం. పెదనాన్నగారు మీట తిప్పారు. ముందు వేపాకు వాసన, తరువాత పాత తోలు వాసన, ఆ తరువాత సన్నని చల్లగాలి. క్యాంపస్ దారిలో బండి కదిలినకొద్దీ గాలి ఇంకా చల్లబడింది.

ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్టునీడన ఆపాం. గులాబీరంగు రాతి మీద పొద్దు వాలుతున్నది. మెట్ల మీద ఎవరో ఆడపిల్లలు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పెద్దమ్మ అద్దంలోంచి చాలాసేపు చూసింది. పమిటచెంగు భుజాల చుట్టూ కప్పుకున్నది.

బండి నిలిచి ఉన్నది గదా అని పెదనాన్నగారు అలవాటుగా మీట మీద చెయ్యివేశారు.

"ఉండనివ్వండి" అన్నది పెద్దమ్మ.