పలక మీద రాని లెక్క గ్లాసులో వచ్చింది

చిన్నప్పుడు మీరు నల్లటి రాతి పలక మీద దిద్దారా? అయితే ఆ రాయి మార్కాపురం నుంచి వచ్చి ఉండొచ్చు. ఊరి చుట్టుపక్కల ఇప్పటికీ పలక రాయి గనులున్నాయి. రోడ్డు పక్కన ముక్కలైపోయిన రాళ్లు గుట్టలుగా కనిపిస్తాయి. ప్లాస్టిక్ పలకలు, నోటుబుక్కులు వచ్చాక ఆ గిరాకీ తగ్గింది. ఇప్పుడు అదే రాయి గోడలకీ, నేలకీ టైల్స్‌గా పోతోంది.

ఇంతమందికి పలకలిచ్చిన ప్రాంతంలో, పలక పట్టుకున్నా అక్షరం అంటని పిల్లలు ఎట్టా చదువుకుంటున్నారు? అది చూద్దామనే మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా తిరిగాను.

మన రాష్ట్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ‘భవిత’ కేంద్రాలున్నాయి. సమగ్ర శిక్ష కింద నడుస్తాయి. నేను వెళ్లిన కేంద్రంలో ఆ రోజు పాఠం ఏంటో తెలుసా? నిమ్మకాయ నీళ్లు!

గోడకి నాలుగు బొమ్మలు వరసగా అంటించారు. గ్లాసులో నీళ్లు, నిమ్మచెక్క, చెంచాతో చక్కెర, చిటికెడు ఉప్పు. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక పిల్లాడు ముందుకొచ్చాడు. ‘2’ అని రాయమంటే చక్కగా రాస్తాడట. రెండు పెన్సిళ్లు ఇవ్వమంటే మాత్రం గుప్పెడు ఇచ్చేస్తాడు. అంకె వచ్చింది, లెక్క రాలేదన్నమాట. ఇక్కడ మాత్రం రెండు చెంచాల చక్కెర వేసి ఆగాడు. ఎందుకంటే మొన్నోసారి అయిదు వేసి తాగలేకపోయాడు. తప్పు దిద్దడానికి ఎర్ర ఇంకు అక్కర్లేదు, నాలుకే చెప్పేస్తుంది.

తర్వాత రెండు డబ్బాలు పెట్టారు. రెండింట్లోనూ తెల్లటి పొడే. ఒకదాని మీద ‘ఉప్పు’, ఇంకోదాని మీద ‘చక్కెర’ అని రాసుంది. చదవకపోతే పని జరగదు. పుస్తకంలో ఈ రెండు మాటలు చదవడానికి విసుక్కునే పిల్లలు ఇక్కడ వేలు పెట్టి మరీ చదువుతున్నారు.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాపకి గిన్నె జారిపోకుండా కింద తడిగుడ్డ వేశారు. పట్టు దొరకడానికి చెంచా కాడకి గుడ్డ చుట్టి లావు చేశారు. ఆటిజం ఉన్న బాబుకి వేళ్లకి జిగట తగిలితే పడదు. అందుకే తనకి బొమ్మల వరస చూసి ‘తర్వాత ఏంటి’ అని చెప్పే డ్యూటీ. మూలన ఇద్దరు వేరుశనక్కాయలు వలుస్తున్నారు. ‘‘బలపం పట్టుకునే వేళ్లే కదన్నా ఇవీ. ముందు ఇక్కడ బలం రానీ’’ అన్నారు టీచర్.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. మరియా మాంటిస్సోరి 1900 ప్రాంతంలో రోమ్‌లో ఇలాంటి పిల్లలతోనే తన పని మొదలుపెట్టారు. ఇంటి పనుల్ని పాఠాలుగా మార్చిన ఆమే 1939లో మద్రాసుకొచ్చి మనవాళ్లకి శిక్షణ ఇచ్చారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ కూడా మేధో వైకల్యం ఉన్న పిల్లలకి బతుకు పనులతోనే చదువు చెప్పే పద్ధతులు తయారుచేసింది.

మీ ఇంట్లో ఇలాంటి తమ్ముడో చెల్లో ఉంటే ఒక చిట్కా. పనిని చిన్న చిన్న ముక్కలు చేయండి. ఉప్మా అయితే గ్లాసు రవ్వకి మూడు గ్లాసుల నీళ్లు కొలవడం ఒక ముక్క, రవ్వ వేయించడం ఒకటి, తాలింపు ఒకటి. మొదటి రోజు అన్నీ మీరే చేసి, చివరిది, అంటే పళ్లెంలో వడ్డించడం మాత్రం వాళ్లకి వదలండి. ‘నేను చేశా’ అన్న సంతోషం ఆ రోజే దొరుకుతుంది. అది బాగా వచ్చాక చివరి రెండు ముక్కలు, ఆ తర్వాత మూడు. ఇలా వెనక నుంచి ముందుకి రావాలి. తొందరపడితే పని కాదు. ఒక్కోసారి ఒక్క ముక్కకే నెలలు పడుతుంది.

మార్కాపురం రోడ్ స్టేషన్లో రైలెక్కితే తర్లుపాడు, కంభం దాటి గిద్దలూరు వస్తుంది. కంభంలో గుండ్లకమ్మ మీద విజయనగర కాలంలో కట్టిన పెద్ద చెరువుంది. అయినా ఈ ప్రాంతంలో నీళ్ల కరువు తీరలేదు. వానలు మొహం చాటేస్తే జనం పనుల కోసం వలస పోవాల్సిందే. ఊళ్లో ఉన్నవాళ్లు కూడా పొద్దున్నే మిరపకాయల కోతకో, పత్తి తీతకో పోతారు. మరి ఇంట్లో ఉన్న పిల్లాడు మధ్యాహ్నం ఏం తినాలి?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కిచ్చింది. పద్దెనిమిది దాటాక? ఆకలి మాత్రం రోజూ మూడుపూటలా వేస్తుంది.

గిద్దలూరు దగ్గర ఒక పల్లెలో ఓ తల్లి ఇదే మాట అంది. ‘‘నేనున్నన్నాళ్లూ వానికేం బాధ లేదు నాయనా. నేను పోయినాక ఎట్టా?’’ కొడుక్కి పంతొమ్మిదేళ్లు. మొన్నమొన్నటిదాకా అన్నం కలిపి పెట్టేది ఆమే. వంట నేర్పిస్తానంటే ‘మగపిల్లోడికి పొయ్యి కాడ పనేంది?’ అన్నారట చుట్టాలు. కాలుతుందేమోనని నాయనమ్మ భయం. ఆ భయం ఉత్తదేం కాదు. అందుకే నెల రోజులు పొయ్యి వెలిగించకుండా మజ్జిగ, అటుకులతో సరిపెట్టారు. తర్వాత మంట లేని ఇండక్షన్ స్టవ్ కొన్నారు. పక్కన ఒకరు లేనిదే ఆన్ చేయకూడదన్నది రూలు. ఫిట్స్ వచ్చే పిల్లలుంటే ఈ రూలు ఇంకా గట్టిగా పాటించాలి.

నేను వెళ్లిన రోజు ఉప్మా అతనే చేశాడు. నాయనమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంది, నోరు మాత్రం మెదపలేదు. గ్లాసు మీద గీసిన గీత దాకా రవ్వ, మూడుసార్లు నీళ్లు. ఎసరు తెర్లేదాకా ఓపిగ్గా చూశాడు. అక్కడక్కడా ఉండలు కట్టింది. చేలోంచి వచ్చిన అమ్మకి వడ్డించి, నాకూ ఒక పళ్లెంలో పెట్టాడు.

‘‘ఉప్పు తక్కువైందిరా అబ్బయ్యా’’ అంది వాళ్లమ్మ నవ్వుతూ.

లోపలికెళ్లి డబ్బా తెచ్చాడు. మూత మీద అక్షరాలు వేలితో ఒకసారి చూసుకుని, అమ్మ చేతికిచ్చాడు.