ముందు పాసు మాట పక్కన పెట్టండి

వీసా వచ్చిందన్నారు, సంతోషం. ఆవకాయ సీసాకు మూడు కవర్లు చుట్టారు, స్వెట్టర్లు కొన్నారు, అబ్బాయికి ఫోన్ చేసి అక్కడ చలి ఎలా ఉందో కనుక్కున్నారు. ఇక మిగిలింది ఒక్కటే: "లండన్లో తిరగడానికి ఏ పాసు తీసుకుంటే లాభం?" అక్కడికి వెళ్లొచ్చిన ప్రతివాళ్లకూ ఈ ప్రశ్న తప్పదు. జవాబులూ ఒక్కటిగా ఉండవు. పక్కింటాయన ఆయిస్టర్ అంటాడు, పిన్నిగారు ట్రావెల్‌కార్డ్ అంటుంది, అల్లుడుగారేమో "ఏమీ వద్దత్తయ్యా, బ్యాంకు కార్డు తాకిస్తే చాలు" అని తేల్చేస్తాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. వాళ్లు వెళ్లిన ఏడాదులు వేరు, దిగిన పేటలు వేరు, మోకాళ్లు కూడా వేరు.

నన్నడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను. రోజుకు ఎన్నిసార్లు బండెక్కుతారు? అది తేలకుండా పాసు గురించి మాట్లాడటం అనవసరం. పాసంటే ఫుల్ మీల్స్ టోకెన్ అనుకోండి. టోకెన్ కొన్నాక ఆకలి తీరినా మారు వడ్డించుకుంటాం, పెరుగు కప్పు వదలం. లండన్లోనూ అదే జరుగుతుంది. "డబ్బు కట్టాం కదా, అది కూడా చూసేద్దాం పదండి" అని సాయంత్రం ఆరింటికి, కాళ్లు లాగుతున్నా, ఇంకో రైలు. గిట్టుబాటు చేసుకునే పనిలో పడితే ఊరు చూడటం వెనకబడుతుంది.

ఈ ట్రావెల్‌కార్డ్ పుట్టుక వెనక పెద్ద రాజకీయమే నడిచింది లెండి, చెప్పకుండా ఉండలేను. 1981లో కెన్ లివింగ్‌స్టన్ నాయకత్వంలోని గ్రేటర్ లండన్ కౌన్సిల్ బస్సు, రైలు ఛార్జీలు ఇంచుమించు మూడో వంతు తగ్గించింది. ఆ లోటు పూడ్చడానికి స్థానిక పన్ను పెంచింది. దాంతో బ్రోమ్లీ బరో కౌన్సిల్‌కు కోపమొచ్చింది. మా పేటకు అండర్‌గ్రౌండ్ రైలే రాదు, దాని ఖర్చు మేమెందుకు మోయాలని కోర్టుకెక్కింది. ఆ ఏడాది డిసెంబరులో ప్రభువుల సభ బ్రోమ్లీ వైపే తీర్పు చెప్పింది. 1982 మార్చిలో ఛార్జీలు అమాంతం రెట్టింపయ్యాయి, జనం బెంబేలెత్తారు. మళ్లీ లెక్కలు వేసుకుని, 1983 మేలో ఛార్జీలు కొంత తగ్గిస్తూ కౌన్సిల్ తెచ్చిందే ట్రావెల్‌కార్డ్. బస్సుకూ అండర్‌గ్రౌండ్‌కూ ఒకే టికెట్టు, ఊరంతా జోన్లు. అంతకుముందు చాలావరకు ఎక్కిన ప్రతిచోటా డబ్బు తీయాల్సి వచ్చేది. అది లండన్ వాళ్లకు రోజూ ఉద్యోగానికి వెళ్లిరావడానికి పుట్టిన టికెట్టు, చుట్టపుచూపుగా వెళ్లే మనకోసం కాదు.

2003లో గేటు దగ్గర తాకించే ఆయిస్టర్ కార్డు వచ్చింది, 2005లో దానికి రోజువారీ గరిష్ఠ పరిమితి పెట్టారు. అక్కడివాళ్లు క్యాప్ అంటారు. అసలు మాయ ఇందులోనే ఉంది. హైదరాబాద్ సిటీ బస్సులో రోజంతా చెల్లే టీ-24 టికెట్టు కొనాలంటే ఈరోజు ఎంత తిరుగుతామో పొద్దున్నే తేల్చుకోవాలి. లండన్లో ఆ లెక్క కంప్యూటరు రాత్రికి చూసుకుంటుంది. తిరిగినంతకే తీసుకుంటుంది, ఒక హద్దు దాటాక ఇక తీసుకోదు. 2014 నుంచి అండర్‌గ్రౌండ్‌లోనూ మామూలు బ్యాంకు కార్డు నేరుగా తాకించొచ్చు, దానికీ ఇదే లెక్క. ట్రావెల్‌కార్డ్ కొన్నవాడు పొందే లాభం చాలావరకు ఏదీ కొననివాడి చేతికీ వచ్చేసిందన్నమాట.

అంకెలు చెప్పమంటారా? 2025 మార్చి నాటి ధరలు చెబుతాను, కింద వచ్చే ఛార్జీలు కూడా అప్పటివే. ఈమధ్య ఏటా మార్చిలోనే మారుస్తున్నారు, వెళ్లేముందు ఒకసారి చూసుకోండి. ఒకటో జోన్ అంటే నగరం నడిబొడ్డు. రద్దీ లేని వేళ అక్కడ అండర్‌గ్రౌండ్ ఒకసారి ఎక్కితే 2.80 పౌండ్లు. ఒకటి, రెండు జోన్లకు రోజు పరిమితి 8.90. మూడుసార్లు ఎక్కితే 8.40 అవుతుంది, నాలుగోసారి 50 పెన్నీలే పడుతుంది, ఐదోసారి నుంచి ఊరికే. ఒకటి నుంచి నాలుగు జోన్ల దాకా తిరిగితే పరిమితి 12.80. అదే నాలుగు జోన్లకు కాగితం మీద ఒకరోజు ట్రావెల్‌కార్డ్ కొంటే 16.60! కౌంటరు దగ్గర నిలబడి పాసు కొనుక్కున్న జాగ్రత్తపరుడు, ఏమీ కొననివాడికన్నా ఎక్కువ కట్టాడు. పాసు అన్న మాట వినగానే చవక అనుకోవడం మనకు బస్సు పాసుల కాలం నుంచి వచ్చిన అలవాటు.

అలాగని వారం పాసును తీసిపారేయకండి, దాని రోజులు దానికున్నాయి. వారం పరిమితి సోమవారం మొదలై ఆదివారంతో అయిపోతుంది. ఒకటి, రెండు జోన్లకు అది 44.70. మీరు బుధవారం మొదలుపెట్టి వచ్చే మంగళవారం దాకా రోజూ పరిమితి తగిలేలా తిరిగారనుకుందాం. ఆదివారానికి అయిదు రోజులు, 44.50. సోమవారం లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు, ఇంకో రెండు రోజులకు 17.80. మొత్తం 62.30. ఏడు రోజుల ట్రావెల్‌కార్డ్ ఏ రోజైనా మొదలుపెట్టొచ్చు, ధర అదే 44.70. బుధవారం ఆయిస్టర్‌లో దాన్ని వేయించుకుంటే 17 పౌండ్లకు పైగా మిగిలినట్టే. కానీ ఆ "రోజూ పరిమితి తగిలేలా" అన్న మాట మీద వేలు పెట్టి ఆలోచించండి. వారంలో ఒకరోజు కోడలితో కబుర్లు, ఒకరోజు వాన, ఒకరోజు మనవడి స్కూల్లో ఏదో కార్యక్రమం. ముప్ఫై ఏళ్ల కుర్రాడు హోటల్లో దిగి పొద్దున ఎనిమిదింటికి బయటపడితే వారం పాసు అతనిదే. మీది కాదనుకుంటా.

దిగే ఇల్లు ఎక్కడన్నది కూడా చూడాలి. మనవాళ్లు చాలామంది ఈస్ట్‌హామ్ వైపో, హౌన్స్‌లో వైపో ఉంటారు. ఈస్ట్‌హామ్ స్టేషన్ మూడు, నాలుగు జోన్ల సరిహద్దు మీద ఉంది కాబట్టి మూడో జోన్ లెక్కే పడుతుంది, నడిబొడ్డుకు వెళ్లొస్తే రోజు పరిమితి 10.50. మహాలక్ష్మి గుడికీ ఇడ్లీ హోటల్‌కీ నడిచే వెళ్లే రోజున అసలు ఖర్చే లేదు. స్లౌలోనో రీడింగ్‌లోనో అబ్బాయి ఉంటే మాత్రం జాగ్రత్త! ఎలిజబెత్ లైన్ రీడింగ్ దాకా వెళ్తుంది, బ్యాంకు కార్డు అక్కడిదాకా పనిచేస్తుంది, ఆయిస్టర్ మాత్రం ఆ దారిలో వెస్ట్ డ్రేటన్‌తో ఆగిపోతుంది. హీత్రూలో దిగాక కూడా తొందరపడొద్దు. నడిబొడ్డుకు పికడిల్లీ లైన్లో 5.80, ఎలిజబెత్ లైన్లో 13.90. రెండోది వేగం, పెట్టెలతో ఉన్నవాళ్లకు సుఖం. హీత్రూ ఎక్స్‌ప్రెస్ అని ఇంకొకటి కనిపిస్తుంది. అది ఇంకా ప్రియం, రోజు పరిమితిలోకీ రాదు.

మీకు పాసు వద్దనడానికి నా దగ్గరున్న అసలు కారణం డబ్బు కాదు, బ్రిటిష్ మ్యూజియంలో 33ఏ గది. మన అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చినవి, 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. పాలరాయిలా మెరిసే ఆ పలకల మీద పూర్ణకుంభాలు, ఏనుగులు, గుర్రాలు, బుద్ధుడి పాదాలు. ప్రవేశం ఉచితం. గుంటూరు జిల్లాలో పుట్టినవాడు ఆ గదిలోకి పావుగంట కోసం వెళ్లి బయటపడలేడు, పడకూడదు కూడా. ఆ రోజు మీ ప్రయాణం ఏముంది? వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి. చేతిలో పాసుందనుకోండి, మీవారు గడియారం చూసి "ఇంకా టవర్ బ్రిడ్జి ఉంది, లేవండి" అంటారు. పాసు లేకపోతే ఆయనా ఒక బెంచీ మీద కూర్చుంటారు.

ఇక మోకాళ్ల సంగతి. అండర్‌గ్రౌండ్ స్టేషన్లలో మెట్లెక్కకుండా వెళ్లగలిగేవి మూడింట ఒక వంతే. కోవెంట్ గార్డెన్‌లో లిఫ్టు వదిలి మెట్లదారి పట్టారంటే 193 మెట్లు. పక్కనే ఉన్న లెస్టర్ స్క్వేర్ నుంచి అక్కడికి రైల్లో దూరం 260 మీటర్లు, ఛార్జీ మాత్రం పూర్తిగా పడుతుంది. హాయిగా నడవండి, దారిలో వీధి గారడీవాళ్లూ కనిపిస్తారు. దూరమైతే బస్సెక్కండి. బస్సు 1.75 పౌండ్లు, మొదటిసారి కార్డు తాకించిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ తీసుకోరు. రోజంతా బస్సుల్లోనే తిరిగితే 5.25 దాటదు. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో 15వ నంబరు ఎక్కి పైఅంతస్తులో ముందు సీటు పట్టారంటే సెయింట్ పాల్స్, లండన్ టవర్ వరసగా వచ్చేస్తాయి. 9వ నంబరు అటు హైడ్ పార్క్ పక్క నుంచి ఆల్బర్ట్ హాల్ వైపు తీసుకెళ్తుంది. టూరిస్టు బస్సువాడు దీనికి ఎన్ని పౌండ్లు అడుగుతాడో చూసి వచ్చి నాతో మాట్లాడండి.

మా వదిన వరస ఆవిడొకరు ఈ లెక్క విని, "ఒక బస్సుకు రెండొందల రూపాయలా! మనకు జీరో టికెట్టు కదా" అంది. నిజమే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లు ఆర్టీసీలో ఆధార్ చూపించి కూర్చుంటున్నారు. లండన్లో ఆ భోగం లేదు. అరవై దాటినవాళ్లకు ఉచిత కార్డు ఉంది గానీ అక్కడ నివాసం ఉన్నవాళ్లకే, చుట్టాలకు కాదు. చిన్నపిల్లలే అదృష్టవంతులు: పదకొండేళ్లలోపు వాళ్లకు బస్సు ఉచితం, టికెట్టున్న పెద్దలతో వెళ్తే అండర్‌గ్రౌండ్ కూడా ఉచితం. పదకొండు నుంచి పదిహేనేళ్ల మనవరాలు మీతో వస్తుంటే ఆమెకు ఆయిస్టర్ తీసుకుని, స్టేషన్ సిబ్బందిని అడిగి యంగ్ విజిటర్ రాయితీ వేయించండి. పద్నాలుగు రోజుల పాటు సగం ఛార్జీ.

బ్యాంకు కార్డా, ఆయిస్టరా అన్నది చివరికి మీ కార్డును బట్టి ఉంటుంది. మన రిజర్వు బ్యాంకు 2020లో పెట్టిన నిబంధన వల్ల కొత్త కార్డు విదేశాల్లో పనిచేయాలన్నా, తాకించి చెల్లించాలన్నా యాప్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి. ఆ పని ఇక్కడుండగానే, ఓటీపీ వచ్చే ఫోన్ చేతిలో ఉండగానే చేయండి. వీసా, మాస్టర్‌కార్డ్, అమెక్స్ అక్కడ చెల్లుతాయి, రూపేను నమ్ముకుని వెళ్లొద్దు. విదేశీ లావాదేవీ మీద బ్యాంకు మూడు, మూడున్నర శాతం దాకా వేయొచ్చు. అబ్బాయి అక్కడి కార్డు ఇస్తే ఆ బాధ లేదు.

ఇద్దరికీ ఒకే కార్డు మాత్రం కుదరదు. ఆయన తాకించి లోపలికి వెళ్లి, అదే కార్డు వెనక్కి అందిస్తే మీకు గేటు తెరుచుకోదు. ఎవరి కార్డు వాళ్లకే. అలాగే పొద్దున కార్డు తాకించి, బయటికొచ్చేటప్పుడు ఫోన్ తాకిస్తే యంత్రం ఇద్దరు మనుషులనుకుంటుంది. ఎక్కినవాడు దిగలేదు, దిగినవాడు ఎక్కలేదు అని ఇద్దరి మీదా గరిష్ఠ ఛార్జీ వేస్తుంది. రైల్లో ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండుసార్లూ తాకించాలి. బస్సులో ఎక్కేటప్పుడు మాత్రమే. నోట్లు, చిల్లర అక్కడి బస్సులో 2014 నుంచి తీసుకోవట్లేదు, కాబట్టి డ్రైవరుకు డబ్బు చూపించి లాభం లేదు. వీలైతే పొద్దున తొమ్మిదిన్నర దాటాక బయల్దేరండి. పనిదినాల్లో ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా చాలా రైలు ఛార్జీలు ఎక్కువ. పైగా నిలబడే ప్రయాణం.

ఆయిస్టర్ కొనాలనుకుంటే కార్డుకే 10 పౌండ్లు, అది తిరిగి రాదు. 2025 సెప్టెంబరు దాకా 7 ఉండేది. లోపల వేసుకున్న డబ్బు మాత్రం మురిగిపోదు. 10 పౌండ్లలోపు మిగిలితే స్టేషన్లో యంత్రం దగ్గరే వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోకపోయినా నష్టం లేదు, నాలుగేళ్ల తర్వాత వెళ్లినా ఆ డబ్బు అందులోనే ఉంటుంది. తిరిగొచ్చాక ఆ కార్డును పెట్టె అడుగున పడేసి మర్చిపోకండి. రాయితీ గానీ పాసు గానీ లేని ఆయిస్టర్ ఎవరైనా వాడుకోవచ్చు. ఎదురింటి సుబ్బలక్ష్మమ్మగారి అమ్మాయికి వచ్చే జూన్‌లో పురుడట, ఆవిడ ఇప్పటికే రెండుసార్లు అడిగింది.