బిళ్ళ

శనివారం పొద్దున స్కాన్ అయింది. రిపోర్ట్ సోమవారం సాయంత్రానికి ఇస్తామన్నారు.

ఎడమ రొమ్ముకి ఆపరేషన్ జరిగి అప్పటికి 5 వారాలు. చంకలోంచి తీసిన 14 లింఫ్ నోడ్లలో నాలుగింటికి కేన్సర్ పాకిందని పాథాలజీ రిపోర్టులో వచ్చింది. అక్కడితో ఆగిందా, కాలర్‌బోన్ దాకా, ఇంకా పైకి వెళ్ళిందా అన్నది తెలియాలి. కీమో మొదలుపెట్టే ముందు ఈ పెట్ స్కాన్ అందుకే.

ఖాళీ కడుపుతో వెళ్ళాను. కుడిచేతికే సూది వేశారు. నోడ్లు తీసిన వైపు చేతికి సూది గానీ బీపీ పట్టీ గానీ వద్దని ముందే చెప్పారు. ఎక్కించింది ఫ్లోరిన్-18 తగిలించిన ఒక రకం చక్కెర. తర్వాత గంటసేపు ఒక గదిలో ఫోన్ లేకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి. ఒంట్లో ఏ కణాలు చక్కెర ఎక్కువ తింటాయో అవి తెరమీద వెలుగుతాయి. కేన్సర్ కణాలు ఎక్కువ తింటాయి. చిక్కేమిటంటే మానుతున్న పుండూ తింటుంది, ఊరికే వాచిన నోడూ తింటుంది. ఏ వెలుగు దేనిదో చెప్పాల్సింది దాన్ని చదివే మనిషి. ఆ ఫ్లోరిన్ 110 నిమిషాలకోసారి సగమవుతూ పోతుంది. ఆ పూటకి పాపని దగ్గరికి తీసుకోవద్దంటే, దాన్ని మా చెల్లెలింటికి పంపించాం.

రిపోర్ట్ సైట్‌లో నా పేరు పక్కన 'పెండింగ్' అని ఉంది. శనివారం సాయంత్రం నుంచే రిఫ్రెష్ కొడుతున్నాను. సోమవారం దాకా రాదని తెలుసు. పదమూడేళ్ళుగా సర్వర్లతో బతుకుతున్నదాన్ని, ఎన్నిసార్లు నొక్కినా అవతల పని తొందరగా అవదని ఇంకా బాగా తెలుసు. అయినా నొక్కుతూనే ఉన్నాను. మా ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు.

అమ్మ సంగతి చెప్పాలి.

సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు స్నానం చేస్తుంటే చంకలో గోలీకాయంత గట్టిగా తగిలింది. అమ్మకి చూపించాను. వేలితో నొక్కి చూసి, "బిళ్ళ కట్టిందే. ఎక్కడో గీరుకునుంటుంది, అదే పోతుంది" అంది. మా వైపు అందరికీ తెలిసిన మాటే. కాలికి ముల్లు గుచ్చుకుంటే గజ్జల్లో బిళ్ళ కడుతుంది, చేతికి సెగ్గడ్డ లేస్తే చంకలో కడుతుంది. పుండు మానితే బిళ్ళ కరిగిపోతుంది.

నేను డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి 11 వారాలు పట్టింది. ఆఫీసులో రిలీజ్ ఉంది, పాపకి జ్వరం, ఇంకేవో. అమ్మ చెప్పింది కదా అనుకున్నాను. నిజానికి నాకు అప్పుడు ఆ మాటే కావాలి, అందుకే నమ్మాను. తమాషా ఏమిటంటే అమ్మ తప్పు చెప్పలేదు. శోషరస గ్రంథి అని మేం బళ్ళో చదువుకున్నదీ, అమ్మ బిళ్ళ అన్నదీ ఒకటే. అది కట్టిన మాట నిజం. కట్టడానికి కారణం మాత్రం రొమ్ములో ఉంది.

ఆదివారం రాత్రి నిద్రపట్టక ఆ 11 వారాల గురించి చదవడం మొదలుపెట్టాను. 19వ శతాబ్దం చివర్లో హాల్‌స్టెడ్ అనే సర్జన్, ఈ జబ్బు రొమ్ము నుంచి నోడ్లకి, అక్కడి నుంచి ముందుకి వరసగా పాకుతుందని నమ్మి, రొమ్ముతో పాటు ఛాతీ కండరాలూ చంకలో నోడ్లూ అన్నీ తీసేసేవాడు. బెర్నార్డ్ ఫిషర్ దాన్ని పరీక్షకి పెట్టాడు. 1971లో మొదలైన ఆ పరీక్షలో, అంత తీసినవాళ్ళకీ తక్కువ తీసినవాళ్ళకీ 25 ఏళ్ళ తర్వాత చూసినా ఆయుష్షులో తేడా కనబడలేదు. నోడ్ అనేది జబ్బుని ఆపే గేటు కాదు, లోపల అప్పటికే జరిగినదాని కబురు అన్న ఆలోచన అలా బలపడింది. నేను వెతికింది మా ఇద్దరినీ నిర్దోషులని తేల్చే వాక్యం కోసం. నా 11 వారాల గురించి ఫిషర్ ఏమీ చెప్పడని తెలిసాక లాప్‌టాప్ మూసేశాను.

పొద్దున్న అమ్మ నీళ్ళ గ్లాసు తెచ్చి "టాబ్లెట్ వేసుకో" అంది. అప్పుడు తట్టింది. నా చిన్నప్పటి నుంచీ జ్వరమొస్తే, తలనొప్పొస్తే "బిళ్ళ వేసుకున్నావా?" అనే మనిషి. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆ మాట ఆవిడ నోట వినలేదు. మందుబిళ్ళని కూడా టాబ్లెట్ అంటోంది.

రిపోర్ట్ సోమవారం ఆరున్నరకి వచ్చింది. రెండు పేజీలు. ఎడమ కాలర్‌బోన్ పైన 6 మిల్లీమీటర్ల నోడ్ ఒకటి, కొద్దిగా వెలుగు, 'లైక్లీ రియాక్టివ్', 3 నెలలకి మళ్ళీ స్కాన్ చేసి చూడాలి. మిగతా ఒళ్ళంతా శుభ్రం. పుస్తకాల మీద వ్యాసాలు రాసేటప్పుడు ముగింపు తేల్చకుండా వదిలేసిన కథల్ని ఎన్నిసార్లు మెచ్చుకున్నానో. ఆ 'లైక్లీ' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రాసినాయన మీద కోపం వచ్చింది. కాసేపటికి, ఆయనకి తెలిసినంతే రాశాడు కదా అనిపించింది.

మా ఆయనకి రిపోర్ట్ పంపిస్తే సరిపోయింది. వంటింట్లోకి వెళ్ళాను.

"ఏమన్నారే?" అంది అమ్మ, ఇటు తిరక్కుండానే.

రియాక్టివ్ అన్నదానికి తెలుగు వెతికాను. మరో మాట దొరకలేదు.

"మెడ కింద ఒకటి కనబడిందట. కోసిన చోటు ఇంకా మానుతోందిగా, దానికి బిళ్ళ కట్టి ఉండొచ్చంటున్నారు."

అమ్మ స్టవ్ ఆపేసింది. "వాళ్ళన్నారా, నువ్వంటున్నావా?"

"వాళ్ళేనమ్మా. ఉండొచ్చు అన్నారు. మూడు నెలలకి మళ్ళీ చూస్తారట."

"మూడు నెలలెందుకు? రేపే ఆ డాక్టర్ని అడుగుదాం. నేనూ వస్తాను."

మర్నాడు వచ్చింది కూడా. చూపించాల్సిన కాయితాలన్నీ తనే పట్టుకుని కూర్చుంది. ఈలోగా కీమో ఎలాగూ ఇస్తాం, 3 నెలలకే చూద్దాం అన్నారు డాక్టరుగారు. అమ్మ ఆయన్ని రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అదే చెప్పారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక నీళ్ళ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. "టాబ్లెట్ వేసుకో" అంది.