బూట్ కాని ల్యాప్‌టాప్ - రూమ్ నంబర్ 12 నేర్చుకున్న పాఠాలు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గ మిత్రులు అడిగినప్పుడు మా రూమ్‌లో చాలాసేపు చర్చ జరిగింది. అమ్మ మీద, ఊరి మీద, అంబేద్కర్ గారి మీద మాకన్నా బాగా కవితలు రాయగలిగినవాళ్లు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు. అందుకే మేము స్వయంగా పడిన ఒక కష్టం గురించి రాయాలని నిర్ణయించుకున్నాం. పాత ల్యాప్‌టాప్‌లో, తయారుచేసిన కంపెనీ ఒప్పుకోని ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించబోతే అది బూట్ కాకుండా మొండికేసిన వైనం ఇది. జూనియర్ తమ్ముళ్లకు పనికొస్తుందని మా ఆశ.

ముందుగా మా గురించి రెండు మాటలు. మేము నలుగురం. ఫిజిక్స్, సోషియాలజీ, కామర్స్, తెలుగు - నలుగురివీ నాలుగు దారులు. నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేమే. ఇంట్లో కంప్యూటర్ గురించి అడిగితే చెప్పే అన్నలు, బాబాయిలు ఎవరూ లేరు. 2024లో పీజీలో చేరిన కొత్తలో తలా రెండు వేలు వేసుకున్నాం. తక్కువ పడిన పదిహేను వందలు మాలో ఒకరి అమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసి పంపింది. మొత్తం 9,500 రూపాయలతో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాం. ఇంటెల్ నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. నలుగురికీ అదొక్కటే. ఎవరి వంతు ఎప్పుడో తలుపు వెనుక కాగితం అంటించుకున్నాం.

ఎందుకు మార్చాల్సి వచ్చింది?

ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 10. దానికి ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. పేరు నమోదు చేసుకున్నవారికి మాత్రం మరో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 వరకు గడువు ఇచ్చారు. 2021లో వచ్చిన విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఆ పై ప్రాసెసర్ కావాలి. మాది నాలుగో తరం. రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఈ తనిఖీలను దాటించి విండోస్ 11 ఎక్కించే వీలుంది. కానీ అలా ఎక్కించిన యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. పైగా 4 జీబీ ర్యామ్‌తో అది నడవడం కాదు, పాకడమే.

అసలు తొందర మాత్రం వేరు. మా సోషియాలజీ మిత్రుడి డిజర్టేషన్ బీడీ కార్మిక మహిళల మీద. 46 మందితో మాట్లాడి రికార్డు చేసుకొచ్చాడు. అందులో ఒక గొంతు వాళ్లమ్మది. అవన్నీ విని, టైపు చేసి, 160 పేజీలు సమర్పించడానికి 19 రోజులే మిగిలాయి. ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికే పావుగంట పడుతోంది. ఒకరోజు దానంతటదే ఆగిపోయి ఆరు పేజీలు మింగేసింది. బయట డీటీపీ సెంటర్‌లో అడిగితే తెలుగు పేజీకి 30 రూపాయలన్నారు. 160 పేజీలంటే 4,800. ల్యాప్‌టాప్ ధరలో సగం!

అలా లినక్స్ మింట్ ఎక్కించాలని తీర్మానించాం. దానిలో ఎక్స్ఎఫ్‌సీఈ అనే రకం పాత యంత్రాల మీద తేలికగా నడుస్తుంది. 2 జీబీ ర్యామ్ ఉన్నా చాలంటుంది. ఖర్చు లేదు. లినక్స్‌కు మూలమైన కెర్నెల్‌ను 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రకటించినప్పుడు ఆయన హెల్సింకి విశ్వవిద్యాలయంలో 21 ఏళ్ల విద్యార్థి. అంటే మాకన్నా రెండేళ్లు చిన్న. ఈ సంగతి తెలిసి మాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఏ పనీ మొదలుపెట్టకముందే 46 రికార్డింగులనూ ఒక మెమరీ కార్డులోకి, పక్క రూమ్ అన్న ఇచ్చిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాం. కాపీ అయిందని ఊరుకోకుండా తెరిచి విని చూసుకున్నాం. తర్వాత ఎన్ని అడ్డంకులు వచ్చినా ఆ ఒక్క పని వల్లే రాత్రిళ్లు నిద్రపట్టింది.

మొదటి అడ్డంకి: పెన్‌డ్రైవ్ కనబడదు

డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌లో మామూలుగా కాపీ చేస్తే బూట్ కాదు. రూఫస్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో రాయించాలి. అంతకుముందే ఆ ఫైలు పూర్తిగా, చెడిపోకుండా దిగిందో లేదో ఎస్‌హెచ్‌ఏ 256 అనే సంఖ్యతో పోల్చుకోవాలి. హాస్టల్ వైఫై సంగతి మీకు తెలిసిందే కదా, మధ్యలో తెగిన డౌన్‌లోడ్ పైకి బాగానే కనిపిస్తుంది.

ఇవన్నీ చేసి ఎఫ్12 నొక్కితే ఏమీ జరగలేదు. ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లి వెతికితే, ఎఫ్12 బూట్ మెనూ అనే వరుస డిజేబుల్ అని ఉంది. దాన్ని ఎనేబుల్ చేయగానే పెన్‌డ్రైవ్ కనబడింది. పెన్‌డ్రైవ్‌ను అనుమానించి ఇంకొకటి కొనే ముందు బయోస్‌లోని ప్రతి పేజీ చదవాలని అప్పుడే తెలిసింది.

రెండో అడ్డంకి: నల్లటి తెర

మింట్ మెనూ వచ్చింది. ఎంటర్ కొట్టాం. ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది. పది నిమిషాలు చూశాం. మా ల్యాప్‌టాప్‌లో ఇంటెల్‌తోపాటు వేరే గ్రాఫిక్స్ చిప్ ఒకటి ఉంది. ఇలాంటి వాటితో మొదట్లోనే తెరను సర్దబోయి కెర్నెల్ తడబడుతుంది. దీనికి మందు మెనూలోనే ఉంది. కంపాటిబిలిటీ మోడ్ అనే వరుసను ఎంచుకోవచ్చు. లేదంటే మొదటి వరుస మీద ఇంగ్లీషు 'ఈ' అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వాక్యం చివర నోమోడ్‌సెట్ అన్న మాట చేర్చి ఎఫ్10 నొక్కాలి. తెర సంగతి ఇప్పుడే పట్టించుకోకు అని కెర్నెల్‌కు చెప్పడమన్నమాట. అలా చేయగానే పచ్చటి మింట్ గుర్తు కనబడింది. రూమ్‌లో ఈలలు వేశాం. వార్డెన్ సార్ కిటికీలోంచి చూసి "ఏందిరా, క్రికెటా?" అన్నారు.

మూడో అడ్డంకి: అసలైనది

ఇన్‌స్టాలేషన్ చక్కగా పూర్తయింది. పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయమంది, చేశాం. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు: నో బూటబుల్ డివైస్. ఇంకోసారి చేశాం, అదే. మొదటినుంచీ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాం, అదే. ఇక 16 రోజులే ఉన్నాయి.

రిపేరు షాపుకు తీసుకెళ్లాం. ఆయన మూత తీయకుండానే "హార్డ్ డిస్క్ ఖరాబైంది తమ్మీ. మూడువేల అయిదొందలైతది. లేకుంటే కొత్తది కొనుక్కోండ్రి" అన్నాడు. తయారుచేసిన కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాం. అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా "ఆ సిస్టమ్‌కు మా సపోర్ట్ లేదండీ" అని పెట్టేసింది. సపోర్ట్ లేదన్న మాట మాకు కొత్త కాదు. బస్‌పాస్ కౌంటర్ నుంచి కోచింగ్ సెంటర్ దాకా ఏదో ఒక రూపంలో వింటూనే పెరిగాం. అందుకే అది విన్నాక మా వాళ్లెవరూ పెద్దగా దిగులు పడలేదు. తిరిగొచ్చి నేల మీద చాప పరిచి, కాగితం తీసి, ప్రశ్నలు రాసుకున్నాం.

హార్డ్ డిస్క్ నిజంగా పోయిందా? పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూస్తే డిస్క్ కనిపిస్తోంది, ఫైళ్లు తెరుచుకుంటున్నాయి, డిస్క్ ఆరోగ్యం బాగుందని స్మార్ట్ పరీక్ష చెబుతోంది. కాబట్టి పోలేదు. మూడువేల అయిదొందలు మిగిలాయి.

ఇన్‌స్టాల్ చేసిన పద్ధతి సరైనదేనా? బూట్ అవడానికి రెండు పద్ధతులున్నాయి. పాతది లెగసీ, కొత్తది యూఈఎఫ్ఐ. ఒక పద్ధతిలో ఎక్కించి ఇంకో పద్ధతిలో లేపబోతే లేవదు. మాది రెండుచోట్లా యూఈఎఫ్ఐయే. అదీ సరే.

మరి బూట్ ఫైలు ఉందా? యూఈఎఫ్ఐలో డిస్క్ మొదట్లో ఈఎఫ్ఐ అనే చిన్న విభాగం ఉంటుంది. అందులో ఉబుంటు అనే ఫోల్డర్ కనబడింది. మింట్ ఉబుంటు మీద ఆధారపడినది కాబట్టి ఆ పేరే వాడుతుంది. ఫైలు కూడా ఉంది.

డిస్క్ ఉంది, ఫైలు ఉంది, మరి లేపేవాడికి కనిపించదేం? మా ఫిజిక్స్ మిత్రుడు దీన్ని అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు. "మన గేటు దగ్గర వాచ్‌మన్ తాత ఉన్నాడు కదా. ఆయన దగ్గర రిజిస్టర్ ఉంటది. అడ్మిషన్ అయ్యి, రూమ్ వచ్చినా, రిజిస్టర్‌లో పేరెక్కకుంటే లోపలికి పోనియ్యడు. ఇదీ అంతే." బయోసే ఆ వాచ్‌మన్. దాని జ్ఞాపకంలో బూట్ చేయదగ్గవాటి జాబితా ఉంటుంది. ఈఎఫ్ఐ బూట్ మేనేజర్ అనే ఆదేశంతో చూస్తే ఉబుంటు పేరు ఆ జాబితాలో ఉంది. రీస్టార్ట్ చేసి చూస్తే లేదు. మేము రాయడం, అది కొట్టేయడం. ఆ కాలపు కొన్ని ల్యాప్‌టాప్‌ల తీరే అంత. విండోస్ బూట్ ఫైలును తప్ప మరోదాన్ని తమంతట తాము నమ్మవు.

ఇక మళ్లీ బయోస్‌లోకి వెళ్లాం. సెక్యూరిటీ పేజీలో, ఒక యూఈఎఫ్ఐ ఫైలును నమ్మదగినదిగా ఎంచుకోండి అనే అర్థం వచ్చే వరుస ఉంది. కానీ అది మసకగా, నొక్కడానికి వీల్లేకుండా ఉంది. అదే పేజీలో పైన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అని ఉంది. ఆ పాస్‌వర్డ్ పెడితే తప్ప కింది వరుసకు ప్రాణం రాదు! పాస్‌వర్డ్ పెట్టాం, ముందే కాగితం మీద రాసుకున్నాం. ఎందుకంటే అది మరిచిపోతే బయోస్ తాళమే మన చేతిలో ఉండదు. వరుస వెలిగింది. హార్డ్ డిస్క్, ఈఎఫ్ఐ, ఉబుంటు అని ఒక్కో ఫోల్డర్ తెరుచుకుంటూ పోయి షిమ్ఎక్స్64 అనే ఫైలును ఎంచుకున్నాం. దానికి మింట్ అని పేరుపెట్టి, సేవ్ చేసి, బూట్ వరుసలో పైకి తెచ్చాం.

రాత్రి పదకొండుంపావుకు ల్యాప్‌టాప్ పెన్‌డ్రైవ్ లేకుండా లేచింది. ఈసారి ఎవరూ ఈల వేయలేదు. మా సోషియాలజీ మిత్రుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ రాత్రే రెండు రికార్డింగులు టైపు చేశాడు. వైఫై రాకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి ఆ నెట్‌తోనే డ్రైవర్ దించుకున్నాం. తెలుగు యూనికోడ్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ అందులోనే ఉంది. లిబ్రేఆఫీస్‌లో టైపు చేసి, గైడ్ మేడమ్‌కు కావలసిన వర్డ్ రూపంలో భద్రపరిచి, కాలేజీ ల్యాబ్‌లో తెరిచి పేజీలు చెదరలేదని చూసుకున్నాం. గడువుకు రెండు రోజుల ముందే డిజర్టేషన్ సమర్పించాడు.

జూనియర్ తమ్ముళ్లకు నాలుగు మాటలు

ఒకటి: తెర మీద కనబడిన మాటను అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి, లేదా ఫోన్‌తో ఫొటో తీయండి. బూట్ అవట్లేదు అనేది జబ్బు పేరు కాదు. పెన్‌డ్రైవ్ దగ్గర ఆగిందా, మెనూ తర్వాత ఆగిందా, ఇన్‌స్టాల్ అయ్యాక ఆగిందా - ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే.

రెండు: ఒకసారి ఒక్క మార్పే చేయండి. మూడు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు.

మూడు: కొత్త ల్యాప్‌టాప్‌లలో చిక్కులు వేరు. లినక్స్‌కు డిస్కే కనబడకపోతే బయోస్‌లో స్టోరేజ్ ఆర్ఎస్‌టీ లేదా వీఎండీ పద్ధతిలో ఉందేమో చూడండి. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చితే కనబడుతుంది. కానీ విండోస్ కూడా ఉంచుకునేవాళ్లు తొందరపడి మార్చవద్దు. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి ఆ తర్వాతే మార్చాలి. బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ ముందే రాసుకోవాలి.

నాలుగు: కొన్ని యంత్రాలకు కొన్ని పనులు కావు. కోర్ 2 డ్యూయో కాలపు ప్రాసెసర్లలో విండోస్ 11 యొక్క 24హెచ్2 రూపానికి తప్పనిసరైన కొన్ని ఆదేశాలే లేవు. ఏ చిట్కాతోనూ అది లేవదు. అలాంటి వాటికి తేలికపాటి లినక్స్ ఒక్కటే దారి. మన తెలుగువాళ్లలోనూ స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగులో లినక్స్ తేవడానికి కృషి చేశారు. కేరళ ప్రభుత్వ పాఠశాలల పిల్లలు లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు.

మేము నలుగురం ఈ ఏడాదితో హాస్టల్ వదిలి వెళ్తున్నాం. ల్యాప్‌టాప్ ఎవరికి అన్న ప్రశ్న వచ్చింది. ఒకరు తీసుకుంటే ముగ్గురికి బాధ. అందుకని వార్డెన్ సార్‌తో మాట్లాడి దాన్ని రీడింగ్ రూమ్‌కే ఇచ్చేశాం. పొదుపు సంఘం అప్పు ఎప్పుడో తీరిపోయింది. మింట్ పెన్‌డ్రైవ్, బయోస్ పాస్‌వర్డ్, మేము రాసుకున్న ఎర్ర అట్ట నోట్‌బుక్ సార్ బీరువాలో ఉన్నాయి. నోట్‌బుక్‌లో ఇంకా చాలా ఖాళీ పేజీలున్నాయి. మీకు వచ్చిన చిక్కు, మీరు కనిపెట్టిన దారి అందులో రాసి పెట్టండి. మీ తర్వాత వచ్చేవాళ్లకు అడగడానికి ఎవరూ లేరనే పరిస్థితి ఉండకూడదు.

ఆ రోజుల్లో ఆలస్యంగా వచ్చినా పళ్లెంలో అన్నం మూతపెట్టి ఉంచిన మెస్ అక్కకు, పదకొండు దాటినా లైట్ ఆర్పమనని వార్డెన్ సార్‌కు, హార్డ్ డిస్క్ ఇచ్చిన పక్క రూమ్ అన్నకు మా కృతజ్ఞతలు.

- రూమ్ నంబర్ 12 మిత్రులు, పీజీ ద్వితీయ సంవత్సరం