ముట్టుకోవచ్చునట!

మా ఇంట్లో మాకంటే ముందు డిగ్రీ చదివిన వాళ్లు ఎవరూ లేరు. ఈ హాస్టల్లో ఐదేళ్లు ఉండి, ఇక్కడి అన్నం తిని, ఇక్కడి ట్యూబులైటు కింద చదువుకుని పీజీ దాకా వచ్చాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగితే, హాస్టల్ జ్ఞాపకాలకు బదులు ఒక్క రోజు సంగతి రాయాలనిపించింది.

పోయిన చలికాలం, పత్తి ఏరుడు అయిపోయాక, అవ్వ, బాపు, చెల్లెతో కలిసి హైదరాబాదు చూడబోయాం. కాగజ్‌నగర్‌లో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగాం. అక్కడి నుంచి నౌబత్ పహాడ్‌కు వెళ్లాం. ఆ గుట్ట మీద ఒక పక్క బిర్లా మందిర్, ఇంకో పక్క బిర్లా సైన్స్ మ్యూజియం. అక్కడి ప్లానెటోరియం 1985లో, మ్యూజియం 1990లో మొదలయ్యాయి. ముందు గుడికి పోదామంది అవ్వ. "గుడి మనూళ్లె గూడ ఉన్నది గద" అన్నాడు బాపు. మా ఊరి గుడిలోకి మేము ఎంత దూరం పోగలమో నలుగురికీ తెలుసు. ఎవరమూ మాట్లాడలేదు. మ్యూజియానికి టికెట్లు తీసుకున్నాం.

లోపల అడుగు పెట్టగానే బాపు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. బ్యాంకులోనైనా, ఆఫీసులోనైనా, మా బడిలో సారు ముందైనా ఆయన నిలబడేది అట్లాగే. అక్కడి ఉద్యోగి ఒకాయన చూసి, "చేతులు కట్టుకున్నరేంది పెద్దాయనా? మీట నొక్కుండ్రి, తిప్పి చూడుండ్రి. ఇవి ముట్టుకునేటందుకే పెట్టినవి" అన్నాడు.

"ముట్టుకోవచ్చునా?" అని బాపు రెండుసార్లు అడిగాడు.

లోపలికి వంగిన అద్దం ముందు నిలబడితే అవ్వ ముఖం చాటంత అయింది. బయటికి ఉబ్బిన అద్దంలో గురిగంత అయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పుటాకార దర్పణం, కుంభాకార దర్పణం అని మేము బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నది వాటి గురించే. చూడడం మాత్రం ఆ రోజే.

గిలకల దగ్గర బాపు ఆగిపోయాడు. కదిలే గిలక ఉంటే సగం బలం చాలునని మేము పాఠం చెప్పబోయాం. ఆయన వినకుండా తాడు రెండు మార్లు గుంజి చూసి, "బరువు సగమైంది గానీ తాడు రెండింతలు గుంజాల్సొస్తున్నది. ఉట్టిగ ఏదీ రాదు బిడ్డా" అన్నాడు. మేము ఇంటర్లో చదివిన పాఠం సారమంతా అదే. ఇరవై ఏళ్లు బావులు తవ్విన మనిషికి దాన్ని నేర్పబోయాం మేము!

ఒక నిజం కూడా రాయాలి. బాపు గట్టిగా మాట్లాడుతుంటే పక్కనున్న కాలేజీ పిల్లలు తిరిగి చూశారు. అప్పుడు మాలో చదువుకున్న వాళ్లం నాలుగడుగులు ముందుకు జరిగి, వేరే గుంపు వాళ్లమన్నట్టు నిలబడ్డాం. బాపు అది గమనించాడు. గొంతు తగ్గించాడు.

ఆ తర్వాత డైనోసార్ అస్థిపంజరం ముందుకు వచ్చాం. దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. 1970ల చివర్లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వితే, కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముక భాగాలు దొరికాయి. శాస్త్రవేత్త యాదగిరి 1988లో దానికి ఆ పేరు పెట్టారు. ఆకులలములు తినే జంతువు. వయసు 15 కోట్ల ఏళ్లకు పైమాటే. తల ఎముకలు దొరకలేదు, పళ్లు మాత్రం రెండు దొరికాయి.

"ఇది మన దిక్కుదేనా?" అంది అవ్వ. ఆమె చిన్నప్పుడు ముసలవ్వ చెప్పిన రాకాసి బొక్కల కథ గుర్తుకొచ్చిందట.

బాపు పైనుంచి కింది దాకా చూశాడు. "పేరు పెట్టింది సారు. మరి గడ్డపార వేసిందెవరు? తట్టలు మోసిందెవరు? వాళ్ల పేర్లు ఏడ రాసిండ్రు?" అని మెల్లగా అడిగాడు. పీజీ చదువుతున్న మా దగ్గర జవాబు లేదు. వెనక్కి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాం. గట్టిగానే మాట్లాడమన్నాం.

తిరుగు రైల్లో బాపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఊళ్లో దిగాక కనిపించిన వాళ్లందరికీ ఒకటే మాట చెప్పాడు: "అక్కడ అన్నీ ముట్టుకోవచ్చునట!"

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీ పుస్తకాల్లో ఉన్నది చూడడానికి పోయినప్పుడు అమ్మానాన్నలను వెంట తీసుకుపోండి. మనకు తెలియనిది వాళ్లు చెబుతారు. మాలాగా నాలుగడుగులు ముందు మాత్రం నడవకండి.