కొండమీద ఓడపెట్టెలు

పెద్ద లారీలమీద పొడుగాటి ఇనపపెట్టెలు పోవటం మీరు చూసే ఉంటారు. వాటిని కంటెయినర్లు అంటారు. సరుకు నింపి తాళం వేసిన పెట్టెను క్రేనుతో ఎత్తి లారీమీది నుంచి ఓడమీదికీ, ఓడమీది నుంచి రైలుమీదికీ చేరుస్తారు. అలాటి పెట్టెలో మనుషులు బస చేస్తారంటే నమ్ముతారా? నమ్మకపోతే నా వెంట రండి. మనం దక్షిణ అమెరికాలోని చిలీ దేశానికి, పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున ఉన్న వాల్పరైసో నగరానికి పోదాం.

రేవులో నిలబడి తల ఎత్తి చూడండి. ఎదురుగా నలభైకి పైగా కొండలు! వాటిమీద ఎరుపు, పసుపు, నీలం రంగుల ఇళ్ళు బొమ్మలకొలువులాగా మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. కొన్ని కొండలు ఎక్కటానికి ఉక్కుతాళ్ళతో లాగే బళ్ళున్నాయి. వాటిలో మొదటిది 1883లో నడిచింది. గిలకమీది రెండు చేదలలాగా, ఒక బండి పైకి పోతూంటే రెండోది కిందికి దిగుతుంది.

పైకి పోయి ఒక పాత ఇంటి గోడను వేలితో కొట్టండి. టంగుమని మోగుతుంది! లోపల కొయ్యా, మట్టీ. బయట మాత్రం జింకురేకు. పందొమ్మిదో శతాబ్దంలో ఈ రేకులు ఓడలలో వచ్చాయి. ఓడ ఒరిగిపోకుండా అడుగున బరువుకోసం వేసిన రేకులే ఇక్కడి గోడలకు తొడుగులైనాయని చెబుతారు.

ఆ రోజుల్లో అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు వచ్చే ఓడలు దక్షిణ అమెరికా కొన చుట్టి రావలసి వచ్చేది. అలా వచ్చిన ఓడలు వాల్పరైసోలో ఆగేవి. 1906లో పెద్ద భూకంపం వచ్చి ఊరు చాలా దెబ్బతిన్నది. 1914లో పనామా కాలువ తెరిచారు. ఓడలకు దగ్గరి దారి దొరికింది, వాల్పరైసోకు రాకపోకలు తగ్గాయి. ఊరే పని తీరిన వస్తువులాగా అయిపోయింది! అయినా రేకుల ఇళ్ళు నిలిచాయి. 2003లో యునెస్కో ఆ పాతపట్నాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వాటిని చూడటానికి దూరదేశాల నుంచి యాత్రికులు వస్తారు.

యాత్రికులకు బస కావాలి గదా! ఈ ఊళ్ళో మరిపోసా అనే కొండ ఉంది. మరిపోసా అంటే సీతాకోకచిలుక. ఆ కొండమీద, 2010 తరువాతి సంవత్సరాలలో, పని తీరిన 25 కంటెయినర్లను పేర్చి ఒక బస కట్టారు. ఓడల రేకులతో బతికిన ఊరికి ఓడల పెట్టెలు కొత్త కాదు.

అసలు ఈ పెట్టెలకు ఇంత బలం ఎక్కడిది? 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్లీన్ అనే అమెరికా లారీల యజమాని 58 పెట్టెలను ఒకే ఓడమీద న్యూఆర్క్ నుంచి హూస్టన్‌కు పంపాడు. ఆ తరువాత పెట్టెను పెట్టెమీద పేర్చి సముద్రం దాటించటం మొదలైంది. చిన్నరకం పెట్టె 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు ఉంటుంది. ఖాళీగా ఉన్నా రెండు టన్నులకు పైనే తూగుతుంది. పైపెట్టెల బరువును దాని నాలుగు మూలల స్తంభాలూ మోస్తాయి. పక్కగోడలు పెట్టె మెలితిరగకుండా పట్టి ఉంచుతాయి.

ఖాళీ అగ్గిపెట్టె తొడుగు ఒకటి తీసుకోండి. పక్కగోడలో పెద్ద కిటికీ కత్తిరించి, పైన వేలితో నొక్కండి. చూశారా, ఎలా వంగిపోయిందో! కంటెయినరూ అంతే. అందుచేత కిటికీ కోసినచోట చుట్టూ ఉక్కుచట్రం బిగించాలి. కోత పెరిగినకొద్దీ కొత్త ఉక్కు కావాలి. కొత్త ఉక్కు పెరిగితే ఆదా తరుగుతుంది. కాబట్టి తెలివైనవాడు తక్కువ కోస్తాడు.

రెండో చిక్కు ఎండ. ఇనపపెట్టె ఎండలో పెనంలాగా కాలుతుంది. చలిరాత్రి లోపలివారి ఊపిరిలోని ఆవిరి చల్లని గోడకు తగిలి నీరవుతుంది, చన్నీళ్ళు పోసిన చెంబుకు చెమట పట్టినట్టు. అందుకని గోడలకు ఉన్నివంటి మెత్తని పొర వేసి, లోపలి తేమ ఇనుమును తాకకుండా మూస్తారు. కప్పుమీద కాస్త సందు వదిలి మరో కప్పు వేస్తే, ఆ సందులో గాలి ఆడి వేడిని తీసుకుపోతుంది. ఎదురెదురు కిటికీలుంటే సముద్రపు గాలి ఇల్లంతా తిరుగుతుంది. మరో వింత! చిలీలో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. అక్కడ చలికాలపు ఎండ కావాలంటే కిటికీ ఉత్తరానికి పెట్టాలి.

మూడోది నేల. సముద్ర ప్రయాణంలో పురుగు పట్టకుండా చాలా పెట్టెల చెక్కనేలకు మందు పట్టిస్తారు. మనుషులు పడుకునే చోట ఆ చెక్కను తీసివేయాలి, లేదా గాలి చొరకుండా కప్పివేయాలి.

ఇంకొక మాట. సముద్రంమీద ఇంకా పనిచేయగల పెట్టెను ముచ్చటకోసం కొని బస కడితే, దాని స్థానంలో మరో కొత్త పెట్టె చేయవలసి వస్తుంది. అప్పుడు ఆదా ఏముంది? పని తీరిన పెట్టెకు పని చూపటమే ఇందులోని గొప్ప.

మీ ఇంట్లో కూడా విరిగిన గొడుగో, పాత డబ్బానో ఉంటుంది. పారవేసే ముందు దాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. దాని బలం ఎక్కడ ఉంది? లోపం ఎక్కడ ఉంది? ఆ రెండూ తెలిస్తే, దాని రెండో పని ఏమిటో మీకే తోస్తుంది.